పొద్దును పొడిగించబోయిన పుంజు

ఆ ఏడు రైతు సింహాద్రి కళ్లంలోకి చలి తొందరగా దిగింది. కోళ్లు గింజలు ఏరుకోవడం మొదలుపెడితే కడుపు నిండకముందే చీకటి పడిపోయేది. అక్కడ ఉండే జంతువులన్నిటికీ అదే గొడవ.

“ఇదేం సాయంత్రం వదినా! ఒళ్లు విరుచుకునేసరికే అయిపోతోంది,” అంది మేక.

“నా పిల్లలకి పురుగు పట్టడం నేర్పుదామంటే పురుగు కనబడి చావడం లేదు,” అంది చుక్కల పెట్ట. పాపం, కొత్తగా తల్లయింది. పిల్లలు కాళ్లకి అడ్డం పడుతుంటే విసుగూ మురిపెమూ రెండూ ఒకేసారి వచ్చేవి దానికి.

నల్లకుక్క బాధ వేరు. రాత్రంతా కాపలా కాసేది అదే. “మీకు సాయంత్రం తగ్గితే నాకు డ్యూటీ పెరిగింది. అది మాత్రం ఎవరికీ పట్టదు!”

ముసలి ఎద్దు ఒక్కటే తీరిగ్గా నెమరేస్తూ, “నాకైతే బాగానే ఉంది. చీకటి పడగానే కాడి దించేస్తున్నారు,” అంది.

ఆ కళ్లంలో ఒక కట్టుబాటు ఉంది. జేగురు అనే ఎర్రపుంజు కూస్తేనే తెల్లారినట్టు. కూత వినగానే కుక్క కాపలా చాలించి పొయ్యి బూడిదలో ముడుచుకుంటుంది, కోళ్లు గూట్లోంచి బయటికొస్తాయి. కూత పడేదాకా ఎవరూ కదలరు. ఇంత పెత్తనం చేతిలో ఉంటే ఎవరికి తల తిరగదు చెప్పండి? తన కూత విన్నాకే సూర్యుడు లేస్తున్నాడని జేగురుకి గట్టి నమ్మకం.

ఈ నమ్మకం సంగతి నక్క చెవిన పడింది. ఓ మధ్యాహ్నం కంచె అవతల చేరి, మర్యాదగా గొంతు సవరించుకుంది.

“జేగురన్నా! నీలాంటి పెద్దమనిషి ఉండగా మీవాళ్లు చీకటీ చీకటీ అని ఏడవడమేంటి?”

“నన్నేం చేయమంటావు?”

“దూరదేశాల్లో మనుషులు ఏం చేస్తారో తెలుసా? గడియారం ముల్లు కాస్త ముందుకు జరిపేస్తారు. అందరూ ముందే లేస్తారు, పనులు ముందే ముగిస్తారు, సాయంత్రం వెలుగులో హాయిగా తిరుగుతారు. టీకొట్టు వెనక నక్కినప్పుడు రేడియోలో విన్నాను.”

“మాకు గడియారం లేదే?”

“ఎందుకు లేదు? నువ్వున్నావుగా!”

అంతే, జేగురు మెడ ఇంత పొడుగు సాగింది. మరో మాట అడగకుండా కళ్లంలోకి నడిచి, నక్క పేరెత్తితే పరువు పోతుంది గనక, ఆ ఆలోచన తనదేనని చాటింది.

“రేపటినుంచి ముందే కూస్తాను. తెల్లవారుజామున చీకట్లో ఊరికే నిద్రపోయే ఆ కాస్త సమయాన్ని తీసి సాయంత్రానికి అతికిస్తాను!”

మేక గంతులేసింది. కోళ్లు సంబరపడిపోయాయి. ఎద్దు మాత్రం, “అంతా బాగానే ఉంది గానీ, సూర్యుడికి కబురు పెట్టావా?” అని అడిగింది.

“నా కూతే కబురు మావా!” అంది జేగురు.

మర్నాడు పొగమంచులో, ముందున్నది ఏమిటో కనబడని చీకట్లో జేగురు కూసింది. కుక్క ఆవులించి, “ఈ మార్పేదో మంచిదే,” అనుకుంటూ బూడిదలోకి దూరింది. కోళ్లు తూలుతూ బయటికొచ్చాయి. చుక్కల పెట్ట పిల్లల్ని వెంటేసుకుని గడ్డివాము దగ్గరికి వెళ్లిందో లేదో, దాని వెనకనుంచి నక్క దూకింది.

పెట్ట రెక్కలు విప్పి పిల్లలకి అడ్డం పడింది. దాని తోక నక్క నోట్లోకి వెళ్లింది. పెట్ట కెవ్వున అరిచి, తోకను అక్కడే వదిలేసి, పిల్లల్ని ఎద్దు పొట్ట కిందికి తోసేసింది. ఎద్దు కొమ్ములు విసిరేసరికి నక్క నోటినిండా ఈకలతో పరుగు తీసింది.

ఇంతా చేస్తే ఆ సాయంత్రం ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటిలాగే చీకటి పడింది. పైగా నిద్ర చాలక అందరికీ తలనొప్పి.

“నా పిల్లలు పోయేవాళ్లు బావా,” అంది పెట్ట. “ఈ ఉపాయం నిజంగా నీదేనా?”

జేగురు నేల చూపులు చూసింది. “నక్క చెప్పింది,” అని గొణిగింది. “తప్పయిపోయింది. రేపు మామూలుగానే కూస్తాను.”

“ఆగాగు,” అంది ఎద్దు. “అది మళ్లీ అడగడానికి వస్తుంది. ఇంకా ముందే కూస్తానని చెప్పు. కానీ తెల్లారినా నేను సరేననేదాకా నోరు తెరవకు. కుక్కా, వాసన తగిలినా మొరగకు. కూత పడేదాకా నీ కాపలా నీదే.”

అనుకున్నట్టే నక్క వచ్చింది. “రేపు కూడా ఇంతేనా అన్నా?” అంటే, “ఇంకా ముందే!” అంది జేగురు. నక్క మురిసిపోయింది. ఆ రాత్రే వచ్చి, ఎవరి కంటా పడకుండా గడ్డివాములో తల నుంచి తోకదాకా దూరి, కూత కోసం చెవులు రిక్కించింది.

కూత లేదు. “ఇంకా కుయ్యలేదంటే ఇంకా తెల్లారలేదు,” అనుకుంటూ వెచ్చగా పడుకుంది.

బయట తూరుపు తెల్లబడింది. కూయకుండా నిలబడడం జేగురుకి ప్రాణసంకటంగా ఉంది. ముక్కు బిగించి, కాలు మార్చి కాలు మీద నిలబడింది. చూస్తుండగానే సూర్యుడు కొండ మీదికి ఎక్కేశాడు.

“నేను పిలవకుండానే వచ్చేశాడే!” అంది జేగురు, నీరుగారిపోయి.

“రోజూ అంతే నాయనా,” అంది ఎద్దు జాలిగా.

ఇంతలో సింహాద్రి పశువులకి మేత వేద్దామని వచ్చి వాములో చెయ్యి పెట్టాడు. గుప్పిట్లోకి గడ్డితో పాటు బొచ్చు తోక వచ్చింది. “ఓర్నాయనో! గడ్డికి తోక మొలిచిందిరో!” అని అతను ఎగిరి గంతేశాడు. నక్క బయటపడి చూస్తే ఎదురుగా పట్టపగలు, దాని ముందు కాపలా దిగని కుక్క!

“ఇది అన్యాయం! ఇంకా కూత పడలేదు!” అని అరుస్తూ నక్క పరుగెత్తింది. కుక్క దాని పిరుదు మీద గుర్తుండిపోయేలా కొరికి, కొండదాకా తరిమి వచ్చింది.

“ఇక కూసుకో,” అంది ఎద్దు. అప్పటిదాకా బిగబట్టిందంతా కలిపి జేగురు కూసిన కూతకి చుక్కల పెట్ట పిల్లలతో సహా నవ్వింది.

నక్క మాత్రం ఆ రోజునుంచి ఏ కూతనీ నమ్మలేక, తెల్లారిందో లేదో తేల్చుకోలేక, బొరియ గుమ్మంలో కుంటుతూ ఆకలితో పచార్లు చేస్తోంది.

నీతి: పక్కవాళ్లకి తప్పు వేళ నేర్పినవాడు, తన వేళ తప్పి దొరికిపోతాడు.