కడవలమెట్ట మీద కుదురమ్మ తల్లి వెలసిన వైనం

కడవలమెట్ట ఎక్కిన భక్తులు ముందుగా అడిగేది ఒకటే: "అమ్మవారేరీ?" విగ్రహం లేదు మరి! ఏటవాలు బండ, దాని నడుమ గుండ్రటి పల్లం, అదే కుదురమ్మ తల్లి. కడవ దొర్లకుండా అడుగున పెట్టే చుట్టను కుదురు అంటాం కదా. మనసు కుదురు, కాపురం కుదురు అనే మాటలన్నీ ఈ మెట్ట మీదే పుట్టాయని ఇక్కడి పెద్దలు చెబుతారు. పండితులు కాదంటే కాదననివ్వండి, కథ మాత్రం వినండి.

పూర్వం ఇక్కడ ఒక కరువుకాలంలో మెట్ట మీది ఊరిలో నూతులన్నీ ఎండిపోయి, దిగువ ఊటలో మాత్రం దోసెడు దోసెడుగా నీరు ఊరేది. అచ్చియ్యమ్మ అనే ఇల్లాలి పసిబిడ్డ జ్వరంతో నాలుక పిడచగట్టుకుపోయి పడి ఉంది. తెల్లవారిన దగ్గర్నుంచీ ముంచగా ముంచగా ఒక్క కడవ నిండింది. పాత చీర చుట్టి కుదురు చేసుకుని, కడవ నెత్తిన పెట్టుకుని, ఇంటికి ఎక్కసాగింది. బిడ్డ ఉందో, లేదో! కడవ ఒలికితే మళ్ళీ నిండేసరికి పొద్దుగూకుతుంది.

ఏటవాలు బండ దగ్గర కేక వినిపించింది. గొర్రెల కాపరి దాలయ్య కాలు జారి, అంచున ఒక వేరు పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఎల్లిపో వదినా! నీళ్ళు ఒలికితే బిడ్డ దక్కదు. నేను పోతే మా ఆడదానికి పీడ వదులుతాది."

"ఆ మాట దానితోనే చెబుదువుగాని, నోరుమూసుకుని పట్టుకో మరిదీ!"

పట్టుకోమంది గాని, దేన్ని? తాడు కావాలంటే నెత్తిమీది చీర కుదురే దిక్కు. అది విప్పితే గుండ్రటి కడవ ఆ వాలు మీద నిలుస్తుందా? "అమ్మా, నువ్వెవరివో నాకు తెలీదు. నా బిడ్డ ప్రాణం నీ మీద దించుతున్నా" అంటూ కడవను వట్టి బండ మీద దించి, చీర విప్పి విసిరింది. వెనక ఏదో దొర్లిన చప్పుడైంది. తిరిగి చూస్తే పట్టు సడలుతుంది. పళ్ళు బిగించి లాగింది.

దాలయ్య పైకి వచ్చాక చూస్తే, దొర్లింది రాయి. కడవ కింద బండ మైనంలా కుంగి దాన్ని పట్టుకుని ఉంది. చుక్క ఒలకలేదు. ఆ నీళ్ళు తాగి బిడ్డ కళ్ళు తెరిచింది. తర్వాత అమ్మవారు అచ్చియ్యమ్మకు కలలో కనిపించి, "నాకు రూపు చెక్కవద్దు. కడవ దించి చెయ్యి అందించండి, చాలు" అన్నదట.

నేటికీ అదే ఆచారం. జ్వరపడ్డ బిడ్డల తల్లులు నీళ్ళ కడవతో ఎక్కి, కుదురు లేకుండా బండ మీద దించుతారు. వెంటనే వెనుదిరిగి, వచ్చేది ఎవరైనా సరే, కులగోత్రాలు అడగకుండా చెయ్యి పట్టి పైకి లాగాలి. ఈలోగా కడవ వంక చూడకూడదు. ఎంత కష్టం బాబూ అది! "ఒలికిందేటమ్మా?" అని అటు తిరగకుండానే అడుగుతారు. చెయ్యి అందుకున్నవారే చూసి చెప్పాలి. "నిండుగా ఉంది తల్లీ" అన్న మాట చెవిన పడితే చాలు, ఇంటిదగ్గర బిడ్డకు నెమ్మదిస్తుంది.