అడవి ఊడ్చిన స్వామి

చెన్నవీరుడికి మఠంలో వంటపని అప్పగించి ఏడాది దాటింది. అన్నాళ్ళూ అతన్ని మెచ్చుకోనివాళ్ళు లేరు. ఈమధ్యే పంక్తిలో జనం పల్చబడ్డారు. ఎందుకో అతనికి అంతుచిక్కడం లేదు.

ఆ మఠం నల్లమల అంచున, కాలినడకన శ్రీశైలం పోయే దారిలో ఉంది. అది దాటితే మళ్ళీ ఊరు తగలాలంటే అడవిలో చాలా దూరం నడవాలి. ఉగాదికి ముందు ఆ దారిన పోయే భక్తులకు అక్కడ తిన్న నాలుగు ముద్దలే ఆధారం.

చెన్నవీరుడు మెతుకు పారేసే మనిషి కాదు. నివేదించిన అన్నం ప్రసాదం, దాన్ని పారేస్తే పాపమని అతని నమ్మకం. వేళకాని వేళ ఎవరైనా వస్తారేమోనని మిగిలిన అన్నం గంగాళంలో మూతైనా లేకుండా ఉంచేసేవాడు. గోడవార రాలిన మెతుకుల మీద చీపురు పడనిచ్చేవాడు కాదు. ఇక ప్రాణిహింస మాట అతని దగ్గర ఎత్తకూడదు. కట్టెలు తెచ్చే మనిషి ఒకసారి బొద్దింకను కాలితో నలిపేశాడని ఆ పూటంతా అతనితో మాట్లాడలేదు. చెన్నవీరుడి వంటింట్లో బొద్దింకలకు కూడా అతిథి మర్యాదలేనని యాత్రికులు నవ్వుకుంటూ పోయేవారు. పిచ్చి మారాజు, అదంతా మెప్పే అనుకున్నాడు.

బొద్దింకలు మాత్రం ఆ మర్యాదను పూర్తిగా వాడుకున్నాయి. గోనెసంచుల మడతల్లో, తడి ఆరని తూము పక్కన, గోడ పగుళ్ళలో పిల్లాజెల్లాతో కాపురం పెట్టాయి.

ఒక రోజు పంక్తిలో ఈరమ్మ అనే ఆవిడ చిన్న కూతురితో కూర్చుంది. ఆదోని వైపు నుంచి నడిచి వస్తున్నారు. పిల్ల అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. చెన్నవీరుడు విస్తట్లో పప్పు పోసి ముందుకు జరిగాడో లేదో, ఆ పప్పులో సన్నటి మీసం ఒకటి కదిలింది. ఈరమ్మ అరవలేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. విస్తరి మడిచి, పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది.

ఏమ్మా, తినలేదేమని చెన్నవీరుడు అడిగాడు.

"పాపకు ఆకలి కాలేదంట, సామీ" అంది ఈరమ్మ, అతని మొహం చూడకుండా.

పిల్ల మాత్రం మడిచిన విస్తరి వంకే తిరిగి తిరిగి చూస్తూ నడిచింది. ఆకలి లేని పిల్ల చూసే చూపు కాదది. చెన్నవీరుడు విస్తరి విప్పి చూస్తే పప్పులో బొద్దింక ఉంది.

అయినా మనిషి తన తప్పు అంత తొందరగా ఒప్పుకుంటాడా. తిన్నగా గురువు సిద్ధవీరయ్య స్వామి దగ్గరికి వెళ్ళి, జనానికి భక్తి తగ్గిపోయిందని మొదలుపెట్టాడు. చిన్న పురుగు కనబడితే ప్రసాదాన్నే వదిలేసి పోతున్నారన్నాడు. అలా చెబుతూ చెబుతూనే చేతులు జోడించాడు.

"వాటిని చంపి పాపం కట్టుకోనా, చంపకుండా జనాన్ని పస్తు పెట్టనా? మీరే చెప్పండి, స్వామీ."

స్వామి లేచి వంటింట్లోకి వెళ్ళి, మూలన కొత్తదిలాగే మిగిలిపోయిన చీపురు చేతబట్టుకుని బయటికి వచ్చాడు. గోశాల దాటాడు. కంచె దాటాడు. అడవిలోకి పోయి, చెట్ల కింద ఆకులు ఊడవడం మొదలుపెట్టాడు.

అవి ఆకు రాలే రోజులు. ఇటు ఊడుస్తుంటే అటు రాలుతున్నాయి. డెబ్బై దాటిన మనిషి ఎర్రటి ఎండలో నడుం వంచి ఊడుస్తుంటే చెన్నవీరుడికి ఏడుపొచ్చినంత పనైంది.

"స్వామీ, అడవిని ఎవరైనా ఊడుస్తారా?"

"ఊడ్చేవాళ్ళు లేరనేగా నేనొచ్చింది. వాటినేమో నువ్వు వంటింటి పనిలో పెట్టుకుంటివి. ఇక్కడి పని ఎవరు చేయాల?"

చెన్నవీరుడికి ఏమీ బోధపడలేదు. స్వామి చీపురు కొసతో ఆకుల దొంతర ఒకటి పక్కకు తీశాడు. కింది ఆకులు చెమ్మగా, నల్లగా, తూట్లు తూట్లుగా ఉన్నాయి. వాటి మధ్య నుంచి గోధుమరంగు పురుగులు చకచకా తప్పుకున్నాయి. బొద్దింకలే. వంటింటివాటి కంటే చిన్నవి, అడవినే నమ్ముకున్న జాతి. ఇంకాస్త లోతుకు తీస్తే అక్కడ ఆకు అన్న ఆనవాలే లేదు. అంతా మెత్తటి మట్టి. అందులోకి చెట్టు వేళ్ళు సన్నగా పాకి ఉన్నాయి. అల్లంత దూరాన ఒక కౌజుపిట్ట ఆకులు కెలికి, దొరికిన పురుగును ముక్కున కరుచుకుని పొదలోకి పోయింది.

స్వామి ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాడు.

"అరె, ఇక్కడివి పని మానలేదే. అట్లయితే ఈ చీపురు ఇక్కడ అక్కర్లేదు."

చీపురు శిష్యుడి చేతిలో పెట్టి, నడుం పట్టుకుని మెల్లగా మఠం వైపు నడిచాడు. చెన్నవీరుడు వెనకాలే పరుగెత్తాడు. మరి ప్రసాదం మీద చీపురు వేయడమెలాగని అడిగాడు.

"పసిబిడ్డ తినకుండా లేచిపోయినదాన్ని ఇంకా ప్రసాదమనే అంటావా, చెన్నా?"

చెన్నవీరుడు తల దించుకున్నాడు.

మఠం పక్కన సత్రం పాకలో ఆగిన ఈరమ్మ ఎండ చల్లబడితే బయల్దేరిపోతుంది. ఆ పిల్ల ఖాళీ కడుపుతో అడవిలో నడుస్తుంది. అది తలుచుకున్నాక అతని చేతులు ఆగలేదు. పాత అన్నం ఆవుల తొట్టిలో వేశాడు. గోనెసంచులు ఎండలోకి ఈడ్చి దులిపితే గుడ్ల తిత్తులు జలజలా రాలాయి. గోరింకలు వచ్చి ఏరుకున్నాయి. మూలమూలా ఊడ్చి, తూము తోమి, తడి లేకుండా తుడిచాడు. గోడ పగుళ్ళకు సున్నం మెత్తాడు. పొయ్యిలో బూడిదెత్తి, గిన్నెలు మళ్ళీ కడిగి, అప్పుడు ఎసరు పెట్టాడు. పోవాల్సినవన్నీ ఒక్క పూటలో పోలేదు. కానీ వాటికి తినడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

అతను సత్రం పాకలోకి వెళ్ళేసరికి ఈరమ్మ మూట కట్టుకుంటోంది.

"అమ్మా, ఒక్కసారి వంటింట్లోకొచ్చి నీ కళ్ళతో చూడు. నీకు సరే అనిపిస్తేనే తినండి."

మఠం వంటింట్లో బయటివాళ్ళు కాలు పెట్టే ఆచారం లేదు. గడప దగ్గర ఈరమ్మ జంకింది. అరుగు మీద కూర్చున్న స్వామి, పో తల్లీ అన్నట్టు తల ఊపాడు.

ఆమె లోపలికి వెళ్ళి అన్నీ చూసింది. మొహమాటపడలేదు. సంచులు జరిపింది. తూము దగ్గర వంగి చూసింది. మూత తీసి గరిటెతో పప్పు అడుగుదాకా కలిపింది. చెన్నవీరుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఈరమ్మ మూత పెట్టేసి కూతుర్ని పిలిచి, పొయ్యికి ఎదురుగా కూర్చోబెట్టింది.

చెన్నవీరుడే వడ్డించాడు. పిల్ల తల ఎత్తకుండా తింది. విస్తరి ఖాళీ అయ్యాక తల్లి వంక ఒకసారి చూసి, చెన్నవీరుడి వైపు తిరిగింది.

"ఇంగొంచెం పెట్టు, సామీ."