కుట్టు కనిపించని చోటు

చెంచయ్య గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక పని చెప్పేవారు. కందుకూరు దగ్గరి పల్లెలో సైన్సు పంతులుగా పనిచేసి పదవీ విరమణ చేశాక, పగలు ఎకరం పొగాకు సాగు, సాయంత్రం తత్వబోధ, ఇదే ఆయన జీవితం. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఆయన శిష్యురాలు ఆదెమ్మ, తర్వాతి రోజుల్లో దర్శిలో తన చుట్టూ చేరిన ఆడవాళ్లకు చెబుతుండగా విన్నాను.

ఆదెమ్మ మొదట దర్శిలో బట్టలు కుట్టేది. భర్త పోయాక మనసు నిలవక, చెంచయ్య గారి బోధ విని, కుట్టు మిషను అమ్మేసి ఆయన ఉండే ఊరికి వచ్చేసింది. ఆయన మాటలన్నీ ఆమెకు కంఠస్థం. ఎవరేమడిగినా “అయ్యగారేమంటారంటే” అని మొదలుపెట్టేది. ఒక శీతాకాలం దర్శి నుంచి కొందరు ఆడవాళ్లు వచ్చి, తమ మధ్య ఉండి నాలుగు మంచి మాటలు చెప్పమని బతిమాలారు. ఆమె ఒప్పుకోలేదు. వాళ్లను పంపేసి గురువు దగ్గరికి వెళ్లింది.

“అయ్యా, మీకూ నాకూ మధ్య ఉన్న తేడా పూర్తిగా ఎప్పుడు పోతుంది?”

“రేపు పొద్దున చేలోకి రా. మల్లె పీకాలి,” అన్నారాయన.

అది ఆమె అనుకున్న మల్లె కాదు; పొగాకు చేలో మొలిచే ఒక కలుపును అక్కడ మల్లె అంటారు. వాడిన పొగాకు మొక్క మొదలు దగ్గర నేలను చీల్చుకుని, జానెడేసి కాడలు గుంపుగా లేచి ఉన్నాయి. పాలిపోయిన కాడలు, లేత ఊదా పూలు. ఆదెమ్మ ముచ్చటపడి ఒకటి పట్టుకు లాగింది. పుటుక్కున తెగింది.

“పైన పీకితే పని కాదు. కిందికి తవ్వు. వేరు తెగకూడదు.”

ఆమె బొరిగెతో మట్టి తీసి, నీళ్లు పోసి వేళ్లతో మెల్లగా కడిగింది. పొగాకు వేరు దారంలా బయటపడింది. దానికి అంటుకుని చిన్న ఉల్లిగడ్డంత బుడిపె. మల్లె కాడలన్నీ అందులోంచే లేచాయి. చెంచయ్య గారు బుడిపెను వేరుతో సహా బ్లేడుతో నిలువుగా కోసి, భూతద్దం ఆమెకిచ్చారు.

“పొగాకు ఎక్కడ అయిపోయింది? మల్లె ఎక్కడ మొదలైంది? చూసి చెప్పు.”

వేరులోని సన్నని నాళాలు నేరుగా బుడిపెలోకి సాగిపోతున్నాయి. బట్టలో ఎంత సన్నని అతుకైనా పట్టగల కళ్లు ఆమెవి. చాలాసేపు చూసింది.

“కుట్టు కనపడటం లేదయ్యా. అసలివి ఎట్లా కలుసుకున్నాయి?”

“దీని విత్తనం ధూళికన్నా సన్నం. ఏళ్ల తరబడి మట్టిలో అట్లాగే పడి ఉంటుంది. పక్కన పొగాకు వేరు పెరిగి, దాని ఊట తగిలితేనే మేలుకుంటుంది. వెంట్రుకలాంటి మొలక చాస్తుంది. వేరును అందుకుందా, లోపలికి చొచ్చి నాళానికి నాళం కలుపుకుంటుంది.”

“అందుకోకపోతే?”

“ఎండిపోతుంది.”

ఆదెమ్మ ఒళ్లు పులకరించింది. ఆ మేలుకున్న విత్తనం తానే అనిపించింది. “నేనడిగింది ఇదేనయ్యా! ఇట్లా కలిసిపోవాలనే!”

గురువు గారు ఒక మల్లె కాడ ఆమె చేతిలో పెట్టారు.

“దీని ఆకు ఏదీ, చూపించు.”

ఆమె కాడను తిప్పి తిప్పి చూసింది. గోధుమరంగు పొలుసులు తప్ప పచ్చనిది ఏదీ లేదు. తలెత్తి పొగాకు మొక్క వైపు చూసింది. ఎండ ముదరకముందే దాని ఆకులు వేలాడుతున్నాయి. దాని సారమంతా తన చేతిలోని కాడలోకే పోయిందని ఆమెకు తెలిసింది.

“నన్ను పొమ్మంటున్నారా?”

“నేనేమీ అనలేదమ్మా. దర్శి వాళ్ల సంగతి నువ్వేమనుకుంటున్నావు?”

“అయ్యగారేమంటారంటే...” అని నోరు తెరిచి, ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. వచ్చిన ప్రతి మాటా ఆయనదే. మట్టి చేతులతో గట్టు మీద కూలబడింది. ఆయన పక్క సాలులో మల్లె తవ్వి గోతాంలో వేసుకుంటున్నారు గాని, తొందరపెట్టలేదు.

ఎండ వీపు మీదికి వచ్చాక ఆమె మెల్లగా అంది: “నాకు తెలియడం లేదయ్యా. వెళ్లాలంటే భయంగా ఉంది.”

చెంచయ్య గారు నడుము నిటారు చేసి ఆమె వైపు తిరిగారు. ఆయన ముఖం వికసించింది.

“ఈ మాట నేనెప్పుడూ చెప్పలేదే,” అన్నారు.