మెరుపుకూ మెరుపుకూ మధ్య ఎడం

విశాఖపట్నంలో సౌరఫలకాలు తయారుచేసే ఒక ప్రయోగశాలకు పెద్దగా ఉండే చక్రపాణి పనిలో దిట్టే గాని, ఎవరినైనా మందలించడం మొదలుపెడితే ఆపడం తెలియని మనిషి. యంత్రం పక్కన మంచినీళ్ళ గ్లాసు కనబడిందని పొద్దున అందుకుంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా అదే పాట పాడేవాడు. "నేను చెప్పేది మీ మంచికే కదా" అనేవాడు. అతను అనే ప్రతి మాటా న్యాయమైనదే. వచ్చిన చిక్కల్లా అదే, ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

అక్కడ అద్దపు పలకల మీద వెంట్రుక కన్నా పలచని పూతలు వేసి, వాటితో ఎండ నుంచి కరెంటు తీసేవారు. ఆ పూతలను లేజరుతో సన్నని గీతలుగా కోసి గదులు గదులుగా విడదీయాలి. పై పొర తెగాలి, కింది పొరకు సెగ తగలకూడదు. అందుకని ఆ వెలుగు ధారగా కాక మెరుపులు మెరుపులుగా పడేది. ఒక్కో మెరుపు ఎంత పొట్టిదంటే, దాని ముందు రెప్పపాటు కూడా ఒక యుగమే. వేడి పక్కకు పాకేలోపే అది ఆరిపోయేది.

ఆ యంత్రాన్ని హైమ నడిపేది. ఒకసారి ఆమె కోసిన గీత ఒకచోట సరిగా తెగలేదు. చక్రపాణి దాన్ని పట్టుకుని వారం పొడుగునా సాధించాడు. హైమ తల వంచుకుని విన్నది.

తర్వాత మన్యంలోని ఒక ఆరోగ్య కేంద్రానికి రెండు ఫలకాలు పంపే పని వచ్చింది. పసిపిల్లల టీకా మందులను చల్లగా ఉంచే పెట్టె వాటి మీదే నడవాలి. మొదటిది వ్యానెక్కింది. రెండోదాన్ని చక్రపాణి ఎందుకో మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. గీతల అంచులు కరిగి ముద్దకట్టాయి. కింది పొర కమిలిపోయింది.

"ఏం చేశావమ్మా దీన్ని?" అన్నాడు.

"గీత మళ్ళీ తెగదేమోనని భయపడ్డాను సార్. మెరుపులు వెంటవెంటనే పడేలా పెట్టి, పలకను బాగా మెల్లగా జరిపాను."

"కమిలిందని తెలిశాకైనా నాతో చెప్పొద్దూ?"

హైమ నేల చూపులు చూసింది. "చెబితే మళ్ళీ వారం రోజులు వినాలి కదా సార్" అంది మెల్లగా.

చక్రపాణికి ఒళ్ళు మండింది. అనవలసిన మాటలన్నీ నాలుక చివర బారులు తీరాయి. అంతలో చూపు కమిలిన గీత మీద పడింది. ఒక్కో మెరుపూ హాని చేసేది కాదు. మధ్యలో చల్లారే ఎడం ఇవ్వకుండా ఒకే చోట పడేసరికి వేడి పోగుపడి పలకను పాడుచేసింది. 'నేనీ అమ్మాయికి చేసిందీ ఇదే కదా' అనుకున్నాడు. అతనికి నిజంగా సిగ్గేసింది.

"పొరపాటు జరిగింది. పూత మళ్ళీ వేద్దాం" అని ఊరుకున్నాడు.

మిగతా మాటల కోసం హైమ నిలబడి ఎదురుచూసింది. అవి రాలేదు. అప్పుడు ఆమె, "సార్, వ్యానెక్కించిన పలక కూడా ఇలా కోసిందే. ఇవాళ బాగానే పనిచేస్తుంది, నాలుగు ఎండలు తగిలితే పాడవుతుంది" అంది.

చక్రపాణి పరుగెత్తుకెళ్ళి, గేటు దాటబోతున్న వ్యాను ఆపించాడు. తాను మళ్ళీ తిట్లు అందుకుని ఉంటే, ఆమె ఆ సంగతి చెప్పేదే కాదు, ఆ పలక మన్యానికి వెళ్ళిపోయేది, మందులు వెచ్చబడి చెడిపోయేవి.

కొత్త ఫలకాలు ఆలస్యంగా వెళ్ళినా, చక్కగా పనిచేశాయి.

తప్పు దిద్దే మాట ఒక్కసారి చెప్పి ఆపాలి. అదే పనిగా సాధిస్తే తప్పు పోదు సరికదా, మనిషి దాన్ని దాచడం నేర్చుకుంటాడు.