పద్దెనిమిది కోళ్ళ పద్దు

నిడదవోలు రైల్వే గేటు అవతలి వీధిలో, పుస్తకంలో రాసుకున్నదంతా డబ్బుల డబ్బాలోకి వచ్చేసినట్టే అనుకునే దాక్షాయణి అనే పన్నెండేళ్ళ పిల్ల ఉండేది.

ఆ పిల్లకు పద్దెనిమిది నాటుకోడి పెట్టలు ఉండేవి. నాయనమ్మ పోయేముందు ఇచ్చిన రెండింటి నుంచి అన్నిటినీ తనే పెంచింది. బడికి వెళ్ళేముందు నూకలు వేసేది. వచ్చాక గూడు శుభ్రం చేసేది. ప్రతి పెట్టకూ ఒక పేరు ఉండేది. గుడ్డు పన్నెండు రూపాయలకు వీధిలోనే అమ్మేది.

తండ్రి వీర్రాజు రైస్ మిల్లులో గుమాస్తా. కూతురికి ఒక నోటుబుక్కు తెచ్చి, గీతలు గీసి ఇచ్చాడు.

“అమ్మిన రోజే రాసెయ్యాలమ్మడూ. డబ్బు ఎప్పుడొచ్చిందని కాదు, గుడ్డు ఎప్పుడు వెళ్ళిందని చూడాలి. మా మిల్లులో బియ్యం లారీ గేటు దాటితే చాలు, అమ్మకం రాసేస్తాం. డబ్బు రెండు నెలలకి వస్తుంది. అయినా లెక్క లెక్కే” అన్నాడు.

“మరి మనింట్లో తిన్న గుడ్లు?”

“అవీ రాయి. మీ అమ్మకైనా ఊరికే ఇవ్వకు. వ్యాపారం వ్యాపారమే!”

వంటింట్లోంచి తల్లి మంగతాయారు నవ్వింది. “రాసుకో తల్లీ, రాసుకో. నేనెక్కడికి పోతాను?”

దాక్షాయణి తను ఇవ్వాల్సిన బాకీలు కూడా అలాగే ఏ రోజువి ఆ రోజే రాసుకోవాలి. ఆ సంగతి చెప్పడం వీర్రాజు మర్చిపోయాడు.

పక్కింటి పోలమ్మ గంపలో కూరలు పెట్టుకుని అమ్మేది. ఆమెకు పుస్తకం లేదు.

“నా లెక్కంతా ఈ కొంగు ముడిలోనే ఉంటదే పిల్లా. ఇంటికొచ్చి ఇప్పి చూస్తాను. ఎంతుంటే అంతే నాది” అంది.

“మరి ఎవరు ఎంత ఇవ్వాలో ఎలా గుర్తుంటుంది మామ్మా?”

“గుర్తుండకే కదే సగం పోగొట్టుకున్నాను! నీ పుస్తకం మంచిదే. కానీ ఆ డబ్బా కూడా రోజూ ఓసారి ఊపి చూసుకో.”

దాక్షాయణి నవ్వేసింది. డబ్బా ఊపలేదు. రోజూ పుస్తకమే చూసుకునేది.

ఫిబ్రవరి ఆఖరి వారానికి, ఆ పుస్తకంలో రావలసిన సొమ్ము రెండువేల ఆరువందల నలభై అయింది. ఆ పిల్ల ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసింది. అదే వారం నూకల కొట్టు అప్పలస్వామి గుమ్మం ముందు సైకిలు ఆపాడు.

“పాపా, నూకలు, తవుడు కలిపి ఆరువందల నలభై అయిందమ్మా. నాకు సరుకు దించుకోవాలి, ఇచ్చెయ్యి.”

దాక్షాయణి తెల్లబోయింది. ఆ బాకీ పుస్తకంలో ఎక్కడా లేదు. డబ్బా బోర్లించి లెక్కపెట్టి ఇచ్చేసింది. నలభై అయిదు రూపాయలు మిగిలాయి.

మర్నాడు బుధవారం, సింహాచలంగారు వచ్చారు. ఆయన రిటైరైన పశువుల కాంపౌండరు. శుక్రవారం శుక్రవారం ఐసు పెట్టెలో టీకా మందు తెచ్చి వీధి వీధీ తిరిగి కోళ్ళకు వేసేవారు.

“పాపా, కాలవ అవతల కొక్కెర తెగులు దిగింది. ఒక్క గూట్లోకి వస్తే ఒక్క కోడిని మిగల్చదు. ఎల్లుండి సీసా తెస్తాను. సీసా విప్పితే ఆ పూటే వాడెయ్యాలి, అందుకని పద్దెనిమిది కోళ్ళకైనా సీసా మొత్తం కొనాల్సిందే. మూడువందల ఎనభై. ఆ సాయంత్రానికల్లా షాపులో డబ్బు కట్టెయ్యాలి, అప్పివ్వరు, చూసుకో మరి.”

“డబ్బుకేముందండీ, నాకు రెండువేలకు పైనే ఉంది” అంది దాక్షాయణి.

ఆ సాయంత్రమే పుస్తకం పట్టుకుని బయల్దేరింది.

టైలరు సత్యవతి నాలుగువందల ఎనభై ఇవ్వాలి. మిషను ఆపకుండానే చెప్పింది. “నా దగ్గర జాకెట్లు కుట్టించుకున్నవాళ్ళే నాకివ్వలేదే. వాళ్ళివ్వగానే ముందు నీకే.”

వెంకటరత్నం మాస్టారు మూడువందల అరవై ఇవ్వాలి. “ఒకటో తారీఖున పెన్షను పడుతుందమ్మా. పడ్డ రోజే నేనే తెచ్చిస్తాను” అన్నారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

టిఫిను హోటలు నాగమణి ఏడువందల ఇరవై ఇవ్వాలి. దాక్షాయణి గురువారం పొద్దున్నే అక్కడికి వెళ్ళింది.

“బోణీ కాకుండానే బాకీ అడుగుతారుటే? సాయంత్రం రా.”

సాయంత్రం వెళ్ళింది.

“దీపాలు పెట్టేశాక లక్ష్మిని బయటికి పంపమంటావా? రేపు రా.”

“రేపు శుక్రవారం కదా పిన్నీ.”

“అవును సుమీ! అయితే శనివారం రా. బంగారు తల్లివి, గుర్తుచేశావు.”

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. వీర్రాజు పుస్తకం తిరగేశాడు. ఆయన మొహం వెలిగింది.

“రెండువేల ఆరువందల నలభై రావాలా నీకు! మా మిల్లు ఓనరుకి చూపించాలి ఇది.”

“నాన్నా, మూడువందల ఎనభై ఇవ్వవా? వసూలయ్యాక ఇచ్చేస్తాను.”

“నేనిస్తే అది నీ వ్యాపారం ఎలా అవుతుందమ్మడూ? వసూలు చేసుకోవడమూ నేర్చుకోవాలి.”

ఇక ఒక్క పేరే మిగిలింది. పుస్తకంలో అన్నిటికంటే పెద్ద బాకీ ఆ పేరు మీదే ఉంది. తొంభై గుడ్లు, వెయ్యి ఎనభై రూపాయలు. ఆ పేరు ‘అమ్మ’.

శుక్రవారం పొద్దున్న మంగతాయారు గడపకు పసుపు రాసి లేచింది. దాక్షాయణి తల్లి దగ్గరికెళ్ళి నిలబడింది.

“అమ్మా, అంతా వద్దు. మూడువందల ఎనభై ఇవ్వు చాలు. సింహాచలంగారు వచ్చేస్తారు.”

“శుక్రవారం పూట ఇంట్లోంచి డబ్బు బయటికి తియ్యకూడదు. రేపు పొద్దున్నే ఇస్తాను.”

“రేపు ఆయన రారమ్మా.”

“వచ్చేవారం వేయిద్దాంలే. వారంలో ఏమైపోతుంది?”

“కోళ్ళు చచ్చిపోతే?”

“శుక్రవారం పూట ఆ మాటలేమిటి? నోర్ముయ్!”

బియ్యం డబ్బాలో చీటీకి కట్టాల్సిన పదిహేనువందలు ఉన్నాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. దాక్షాయణి మళ్ళీ అడగలేదు.

బయట సింహాచలంగారు ఐసు పెట్టె దించుకున్నారు. దాక్షాయణి పుస్తకం తెరిచి, ఎర్ర గీత ఉన్న పేజీ ఆయన ముందు పెట్టింది.

“ఇదిగోండి. చూడండి, ఉంది.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చదివారు.

“ఉందమ్మా. చక్కగా రాశావు. కానీ ఈ కాగితం షాపువాడు తీసుకోడు కదా.”

జేబులు తడుముకున్నారు. బస్సు చార్జీకి ఉంచుకున్న నలభై తప్ప ఏమీ లేదు. పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఆ సీసా పక్క వీధిలో ఎవరో కొనుక్కున్నారు.

శనివారం పొద్దున్నే మంగతాయారు మాట తప్పలేదు. మూడువందల ఎనభై కూతురి చేతిలో పెట్టింది. దాక్షాయణి ఆ డబ్బు డబ్బాలో వేసింది. వచ్చే శుక్రవారానికి ఇంకా ఆరు రోజులు.

మంగళవారం ఒక పెట్ట నూకలు ముట్టలేదు. రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని మూల కూర్చుంది. బుధవారానికి నాలుగు అలాగే కూర్చున్నాయి. గురువారం ఒకదాని మెడ మెలి తిరిగిపోయింది. అది తల నిలుపుకోలేక గిరగిరా తిరుగుతుంటే దాక్షాయణి ఒళ్ళోకి తీసుకుంది. పేరు పెట్టి పిలిచింది. ఒళ్ళోనే పోయింది.

శుక్రవారం సింహాచలంగారు వచ్చి గూట్లోకి తొంగి చూశారు. పెట్టె మూత తియ్యలేదు.

“వాలిపోయాక వేస్తే పనిచెయ్యదమ్మా.”

“డబ్బులున్నాయండీ ఇవాళ” అంది దాక్షాయణి.

ఆయన మూత తియ్యని పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయారు.

ఆదివారానికి గూడు ఖాళీ అయింది. వీర్రాజు పెరట్లో లోతుగా గొయ్యి తవ్వాడు. పోలమ్మ సున్నం తెచ్చి చల్లింది. దాక్షాయణి ఒక్కొక్క పెట్టనూ తనే అందించింది. పద్దెనిమిదీ లెక్కపెట్టింది. ఏడవలేదు. మంగతాయారుకి అది చూసే భయం వేసింది.

ఆ తర్వాత అందరూ ఇచ్చారు. మాస్టారు పెన్షను పడిన రోజే తెచ్చారట, గుమ్మంలో ఎవరూ లేక తిరిగి వెళ్ళారట, మళ్ళీ వచ్చి ఇచ్చారు. సత్యవతి ఇచ్చింది. నాగమణి మంగళవారమని కూడా చూడకుండా తనే వచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఇచ్చింది. మంగతాయారు ఆ నెల చీటీ కట్టలేదు. మిగిలిన ఏడువందలు లెక్కపెట్టి ఇచ్చింది. దాక్షాయణి అవన్నీ ఏ పేరుకు ఆ పేరు కొట్టేస్తూ రాసుకుంది. వసూలైన మొత్తం సరిగ్గా రెండువేల ఆరువందల నలభై. ఒక్క రూపాయి తేడా లేదు.

వీర్రాజు కూతురి పక్కన కూర్చున్నాడు. “డబ్బుంది కదమ్మడూ. పదిహేను కోడిపిల్లల్ని తెస్తాను. మళ్ళీ మొదలుపెడదాం.”

“వద్దు నాన్నా.”

“అదేమిటి? లెక్క ఎక్కడా తప్పలేదే!”

“తప్పలేదు. కానీ గుడ్లు మళ్ళీ మీకే అమ్మాలి కదా.”

వీర్రాజు తల దించుకున్నాడు. మంగతాయారు పక్కనే నిలబడి విన్నది. పిల్లను దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల దూరం జరగలేదు, దగ్గరికీ రాలేదు. పుస్తకం, డబ్బా తల్లి చేతిలో పెట్టి బడికి వెళ్ళిపోయింది. మంగతాయారు చాలాసేపు అవి పట్టుకునే నిలబడింది.

నీతి: రావలసిన డబ్బు, ఇవ్వవలసిన డబ్బు, చేతిలో ఉన్న డబ్బు వేరువేరు, మూడూ చూసుకున్నదే లెక్క, బాకీపడింది కన్నబిడ్డకే అయినా, అడిగిన రోజున ఇవ్వని డబ్బు ఆ తర్వాత ఎంత ఇచ్చినా తీరినట్టు కాదు.