రానివాళ్ళ అడుగులు

పెద్దగుట్ట అడవిలో ఆ ఏడు ఎండలు మామూలుగా లేవు. సెలయేరు ముందు సన్నబడింది, తర్వాత మడుగులుగా తెగింది, ఆఖరికి బండలే మిగిలాయి. జింకల మంద చూసి చూసి, ఒక పొద్దున కొండ దాటి అవతలి లోయకు వెళ్ళిపోయింది. మిగిలిపోయింది ఒక్క కురంగి. ముందరి కుడికాలి గిట్ట పగలడంతో కొండ ఎక్కలేకపోయింది పాపం.

"నువ్విక్కడే ఉండక్కా, నీళ్ళు రాగానే వచ్చేస్తాం" అని చెల్లెలు చెప్పి వెళ్ళింది. చెల్లెలి వెనకే దాని బుజ్జి కూన, పెద్దమ్మను వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ. ఆ చూపు కురంగిని వదల్లేదు. మేస్తున్నా కళ్ళు కొండ వైపే, పడుకున్నా కొండ వైపే.

జింకలు లేని అడవి ఏనుగుల పెద్ద భద్రమ్మకూ బోసిగా అనిపించింది. కాళ్ళతో, తొండంతో ఏటి ఇసుక తవ్విపోసి పెద్ద గుంట తీసింది. చల్లగా నీళ్ళు ఊరాయి. "జింకలు తిరిగి రావాలి, ఈ గుంట అందుకే" అని అందరి ముందూ చెప్పింది. కాపలాకు మాత్రం నక్క జంబయ్యను పెట్టింది. నక్కను కాపలా పెట్టడమేమిటని నన్నడక్కండి. తీపిగా మాట్లాడేవాడు పెద్దవాళ్ళకు ఎప్పుడూ మంచివాడే! గట్టు మీద పొద నీడ, కాళ్ళ దగ్గరికే వచ్చే పీతలు, జంబయ్యకు రోజులు హాయిగా గడిచిపోతున్నాయి.

కొన్నాళ్ళకు భద్రమ్మ గోరింక ముత్తాలును పిలిపించింది. ఎవరైనా ఒక పని తలపెట్టి చేశాక అది ఫలించిందా లేదా అని చూసి చెప్పడమే ముత్తాలు వృత్తి. తల్లి దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య.

"నా గుంట మాట ఏమిటో చూసి చెప్పమ్మా. మొహమాటం వద్దు" అంది భద్రమ్మ.

ఈ సంగతి చెవిన పడగానే జంబయ్యకు గుండెల్లో రాయి పడింది. కొండ దాటిన జింక ఒక్కటైనా తిరిగి వస్తే కదా! తిన్నగా కురంగి దగ్గరికి వెళ్ళాడు.

"కురంగీ, నీ మంచికే చెబుతున్నా. జింకలు రావడం లేదని తేలిందనుకో, భద్రమ్మ గుంట పూడ్చేస్తుంది. ఇక మీవాళ్ళు ఈ జన్మకు రారు."

కురంగి మేత వదిలేసింది. "అయ్యో! మరెట్లా మామా?"

"ఏముంది? పొద్దు వాలేలోపు గుంట చుట్టూ నాలుగు చుట్లు నడువు. మంద దిగినట్టు ఉంటుంది. మిగతాది నేను చూసుకుంటా."

పిచ్చి తల్లి నడిచింది. కుంటుకుంటూ, మూలుగుతూ, గుంట ఒడ్డంతా అడుగులతో నింపేసింది. ఒక్కో అడుగూ వేస్తూ 'ఇది చెల్లిది, ఇది బుజ్జిదానిది' అనుకుంది.

మర్నాడు ముత్తాలు వచ్చి వాలింది. జంబయ్య ఎదురొచ్చాడు.

"రా ముత్తాలక్కా రా! నా మాట దేనికి, వీళ్ళనే అడుగు!"

నీళ్ళు తాగుతున్న అడవిపంది "బ్రహ్మాండంగా ఉంది" అంది. కుందేలు "ఇంతకన్నా ఏం కావాలి?" అంది. నెమలి తాగడం ఆపి మరీ పొగిడింది.

"మరి జింకలు?" అంది ముత్తాలు.

"అదిగో, కళ్ళెదురుగా! అడుగు పెట్టే చోటుందా చూడు!"

ముత్తాలు బురద మీద గెంతుతూ ఒడ్డంతా చూసింది. ఎక్కడ చూసినా కుడి గిట్ట అంచు విరిగే ఉంది. పెద్ద అడుగేగానీ కూన అడుగు ఒక్కటీ లేదు. ఆ సంగతి పైకి అనకుండా, "బాగుంది తమ్ముడూ" అని ఎగిరిపోయింది. కురంగి ఉన్న చోటు వెతుక్కుంటూ వెళ్ళి పక్కనే వాలింది.

"కాలు బాగా నొప్పిగా ఉందా తల్లీ?"

ఆ ఒక్క మాటకే కురంగికి ఏడుపు తన్నుకొచ్చింది. "తప్పు చేశానక్కా. గుంట పూడ్చేస్తారంటే భయమేసింది. గుంటే లేకపోతే మావాళ్ళు దేనికోసం వస్తారు?"

"నువ్వు నడిచిన అడుగులు చూసి, జింకలు వచ్చేశాయని నేను చెప్పాననుకో. ఇక వాళ్ళ గురించి ఎవరైనా ఆలోచిస్తారా?"

కురంగి తల వంచుకుని తన పగిలిన గిట్ట వైపు చూసుకుంది.

"తాగడానికి వచ్చినవాళ్ళు ఎలాగూ బాగుందనే అంటారు. రానివాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి అడగాలని మా అమ్మ చెప్పేది. నేను కొండ అవతలికి పోతున్నా. నీ చెల్లెలికి ఏం చెప్పమంటావు?"

కురంగి కొండ వైపు చూసింది. "ఏం చెప్పొద్దులే. ఆ బుజ్జిది ఎంత ఎదిగిందో చూసి రా, చాలు."

అవతలి లోయలో ముత్తాలు 'గుంట అంత బాగుంటే మీరెందుకు రారు?' అని నిలదీయలేదు. అలా అడిగితే ఎవరైనా ఏదో సాకు చెప్పి పంపేస్తారు. మేత గురించి, కూనల గురించి మాట కలిపింది. చెల్లెలే నోరు విప్పింది.

"వచ్చాం వదినా. గుట్ట అంచు దాకా వచ్చాం. నీళ్ళ వాసన తగిలింది, ప్రాణం లేచొచ్చింది. ఇంతలో నక్క వాసన! గట్టు నిండా పొదలు. కూనల్ని వెంటబెట్టుకుని ఎట్లా దిగుతాం? అక్క అక్కడెక్కడో కనిపిస్తుందేమోనని కాసేపు చూసి, వెనక్కి తిరిగాం."

మూడో పొద్దుకు గుంట దగ్గర అందరూ చేరారు. ముత్తాలు ముందుగా నక్కనే పలకరించింది.

"జంబయ్యా, కాపలా గట్టిగా కాస్తున్నావా? ఎప్పుడైనా పక్కకు పోతావా?"

"పక్కకా! ఆ గట్టు పొద వదిలితే ఒట్టు! తినడం అక్కడే, పడుకోవడం అక్కడే. నేనున్నానన్న సంగతి గుట్ట అంచు దాకా తెలుసు!"

"విన్నావా భద్రమ్మా? నేను చెప్పాల్సింది అతనే చెప్పేశాడు" అని ముత్తాలు జింకల మాట ఉన్నదున్నట్టు వినిపించింది.

జంబయ్య ఒడ్డు మీది బురద వైపు దూకాడు. "మరి ఈ అడుగులు? ఇవి జింకలవి కావా?"

అప్పుడు కురంగి కుంటుకుంటూ ముందుకొచ్చి, ఒక అడుగు పక్కన తన పగిలిన గిట్ట ఆనించింది. "అన్నీ నావే పెద్దమ్మా. గుంట మాత్రం పూడ్చొద్దు."

"పూడ్చడమా? ఎవరన్నారు?" అంటూ భద్రమ్మ జంబయ్య వైపు తిరిగింది. అప్పటికే జంబయ్య తోక ముడిచి పరుగందుకున్నాడు. మళ్ళీ ఆ గట్టు తొక్కలేదు.

భద్రమ్మ పొదలన్నీ తొక్కేసి, ఆకుల కొమ్మతో బురదంతా చదును చేసింది. ముత్తాలు ఈ కబురు కొండ అవతలికి మోసుకెళ్ళింది. తర్వాత రోజూ పొద్దున్నే వచ్చి ఒడ్డు చూసేది. రోజూ పగిలిన గిట్ట ఒక్కటే కనిపించేది.

"రారేమో అక్కా" అనేది కురంగి.

"రాకపోతే మళ్ళీ వెళ్ళి అడుగుతా" అనేది ముత్తాలు.

ఒక పొద్దున కురంగి నీళ్ళకు వంగబోయి ఆగిపోయింది. నిన్నటి తన అడుగు పక్కనే ఇంకో అడుగు. చిన్నది. అంచులు ఎక్కడా విరగలేదు. దాని మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి వచ్చింది. నీళ్ళు తాగడం మరిచిపోయి దాన్నే చూస్తూ నిలబడింది. దాని తడి ఇంకా ఆరలేదు.

నీతి: చేసిన మేలు అందిందో లేదో తెలియాలంటే, వచ్చినవాళ్ళ పొగడ్తలు వింటే చాలదు, రానివాళ్ళ దగ్గరికి వెళ్ళి ఎందుకు రాలేదో అడగాలి.