ఓడపాలెం చూడని గది

ఓడపాలెం యూదుల ప్రార్థనా మందిరాన్ని ఆనుకుని ఉన్న చూడని గదిని ఒక గుడ్డి వర్తకుడు కట్టించాడనీ, అందుకే దానికి ఆ పేరు వచ్చిందనీ గేటు పక్కనున్న పసుపు బోర్డు చెబుతుంది. యాత్రికులు దాన్ని చదివి, చేతులు జోడించి, ఫోటో తీసుకుని వెళ్తారు. నమ్మే ముందు ఒక్కరైనా ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే బాగుండేది. కళ్ళు లేని మనిషి ఎదుటివాణ్ణి చూడకుండా ఇవ్వడంలో గొప్పేముంది? కళ్ళుండీ చూడకపోవడమే ఈ గది ధర్మం. ఈ తేడాను మింగేసిన ఆ బోర్డు వల్ల గత ఏడాది ఈ గది చచ్చి బతికింది. కనుక ఈ పుస్తకం బోర్డు కథతో మొదలవుతుంది గానీ దానితో ఆగదు.

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటికి అర మైలు ఎగువన తెరచాపల వీధి ఉంది. అక్కడ అరవై దాకా యూదుల ఇళ్ళు. శనివారం పొయ్యి వెలిగించరు కాబట్టి చుట్టుపక్కల వాళ్ళు వీరిని శనివారం వాళ్ళు అంటారు. పూర్వం ఓడలకు తెరచాపలు కుట్టినవాళ్ళు ఇప్పుడు లారీలకు టార్పాలిన్లు, పెళ్ళిళ్ళకు షామియానాలు కుడుతున్నారు. వీధి చివర మందిరం, దాని తూర్పు గోడకు ఆనుకుని ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న గది. దానికి కిటికీ లేదు. వెళ్ళడానికి ఒక తలుపు, రావడానికి వేరొక తలుపు. లోపల నిలువెత్తు బియ్యం జాడీ, పక్కన చెక్క అరలు.

ఈ గది నడిపే ధర్మాన్ని పిడికిలి ధర్మం అంటారు. ప్రతి ఇల్లాలూ అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం పక్కన పెడుతుంది. శుక్రవారం పొద్దు వాలకముందే ఇంటికొకరు తెరచాప గుడ్డతో కుట్టిన సంచి పట్టుకుని ఒక్కొక్కరుగా గదిలోకి వెళ్తారు, సంచితోనే బయటికి వస్తారు. వేసిందెవరో, తీసుకున్నదెవరో ఎవరికీ తెలియదు. అరల్లో బడిపిల్లలకు నోటు పుస్తకాలు, జ్యామితి పెట్టెలు ఉంటాయి. డాక్టరు రాసిన మందుల చీటీని పేరు చింపేసి అక్కడ పెడితే, తర్వాతి శుక్రవారానికి మందులు వచ్చి ఉంటాయి. ధనవంతుడికైనా దరిద్రుడికైనా శవవస్త్రం ఈ ధర్మం కుట్టిన ఒకే రకం తెల్లగుడ్డ. మందిరం అరుగు మీద సాయంకాలపు బడి కూడా దీనిదే. శనివారం వాళ్ళ పిల్లలు అక్కడ హీబ్రూ అక్షరాలు దిద్దుతారు. లెక్కలు, సైన్సు మాత్రం జాలరిపేట, సాయిబుల వీధి పిల్లలతో కలిసి నేర్చుకుంటారు. గదిలోకి కూడా వాళ్ళెవరైనా రావచ్చు. సంచి ఉంటే చాలు.

ఇక బోర్డు కథ. హెస్కేల్ సేఠ్ అనే బస్రా వర్తకుడు నీలిమందు ఓడలతో ఈ రేవుకు వచ్చి చూపు పోగొట్టుకున్నాడట. ఏలీయా ప్రవక్త కలలో కనబడి, పేదలకు ఒక గది కట్టించమన్నాడట. సేఠ్ కట్టించి, తన చేత్తో బియ్యం పంచగానే కళ్ళు వచ్చాయట. తాను మేలు చేసినవాళ్ళ మొహాలు చూసి మురిసిపోయి, ఈ గదికి కిటికీ పెట్టాలి అనుకుని, ఆ కోరిక తీరకుండానే కన్నుమూశాడట. సేఠ్ నిజంగా ఉన్నాడు. గది మీది పెంకుల కప్పు ఆయన వేయించిందే, అందుకు ఆయనకు కృతజ్ఞత చెల్లించాలి. మిగిలినదానికి మూలం వెతికితే, తన ముత్తాతకు ముత్తాత గురించి ఒక దాత పంపిన అచ్చుకాగితం తప్ప ఏమీ దొరకదు.

తెరచాపల వీధి ఆడవాళ్ళు సంచులు కుడుతూ చెప్పుకునే కథ వేరు.

పూర్వం ఇక్కడ గది లేదు, మందిరం అరుగు మాత్రమే ఉండేది. నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమను కరువు కబళించింది. దాన్నే డొక్కల కరువు అంటారు. రేవుకు ఓడలు రావడం మానేశాయి, తెరచాపలు అడిగేవాడు లేడు. అప్పటి మందిరం పెద్ద ఎల్యాకీము ఇంట్లో మాత్రం గాదెలు నిండుగా ఉన్నాయి. ఆయన చెడ్డవాడు కాడు. రోజూ అరుగు మీద గంజి కాయించాడు. కానీ దానికొక పద్ధతి పెట్టాడు. ఇంటి యజమానిని పేరు పెట్టి పిలిచేవాడు. పిలిపించుకున్నవాడు ముందుకొచ్చి, ఎల్యాకీము గారి ఇల్లు చల్లగా ఉండాలి అని అందరికీ వినబడేలా అని, అప్పుడు ముంత పట్టాలి. పొగడ్త వింటే మిగతా కలిగినవాళ్ళకూ పెట్టాలనే బుద్ధి పుడుతుందని ఆయన లెక్క. ఇచ్చేవాడి చెవి గురించి అంత ఆలోచించినవాడు పుచ్చుకునేవాడి గొంతు గురించి ఆలోచించలేదు.

ఆ వీధిలో ఓబద్యా అనే తెరచాప పనివాడు ఉండేవాడు. ఎల్యాకీము కొడుకులకు సూది పట్టడం నేర్పిన గురువు అతనే. పన్నెండు రోజులు అతని పేరు పిలిచారు, అతను వెళ్ళలేదు. భార్య మిల్కమ్మ ముంత పట్టుకుని వెళితే ఎల్యాకీము, "యజమాని ఉండగా నువ్వెందుకమ్మా? ఆయన్నే పంపు. నాలుగు మాటలు అంటే నోరు అరిగిపోతుందా?" అన్నాడు. ఆమె వట్టి ముంతతో తిరిగి వచ్చి భర్తను బతిమాలింది.

"నన్ను గురువుగారూ అని పిలిచిన పిల్లల ముందు గంజి కోసం అరవమంటావా మిల్కా? నా వల్ల కాదు. నువ్వు తిను," అన్నాడు ఓబద్యా.

"నాకు మాత్రం పోశారా తినడానికి?" అంది ఆమె.

గంజి కుండకు ముప్పై అడుగుల దూరంలో, కుట్టు సగం పడిన తెరచాప మీద ఓబద్యా ప్రాణం పోయింది. కరువు చంపిందని అందరూ అన్నారు. మిల్కమ్మ అనలేదు.

ఈ సమాజంలో ఒక పాత హక్కు ఉంది. విశ్రాంతి దినమైన శనివారం మందిరంలో తమ పవిత్ర గ్రంథం తోరా చుట్ట విప్పి చదువుతుండగా, అన్యాయం జరిగినవాళ్ళు ఎవరైనా లేచి "ఆపండి" అంటే చదవడం ఆపాలి. ఆ మొర విని తీర్చేదాకా చుట్టను మళ్ళీ ముట్టకూడదు. ఓబద్యా పోయిన పద్దెనిమిదో రోజు శనివారం. మిల్కమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, "ఆపండి," అంది.

చదివేవాడు ఆగాడు. ఎల్యాకీము తల తిప్పి, "ఇప్పుడేమిటమ్మా? నీ దుఃఖం మాకూ ఉంది. ముగించాక మాట్లాడుకుందాం," అన్నాడు.

"ముగించాక మీరు భోజనానికి వెళ్తారు పెద్దయ్యా. నేనెక్కడికి వెళ్ళను? మా ఆయన్ని కరువు చంపలేదు. మీ అరుగు చంపింది."

మందిరం గొల్లుమంది. ఎవరో కూర్చోమన్నారు, ఆమె కూర్చోలేదు. గోడకు కన్నం లేని గది ఒకటి కట్టాలనీ, బియ్యం అందులో పెట్టాలనీ, ప్రతి ఇంటి నుంచీ ఒకరు ఒకే రకం సంచితో ఒంటరిగా లోపలికి వెళ్ళి రావాలనీ కోరింది.

"ఎవరూ చూడకపోతే దొంగలు ఎత్తుకుపోతారు," అన్నాడు ఎల్యాకీము.

"ఎత్తుకుపోనీ. ఈ కరువులో బియ్యం దొంగిలించేవాడికంటే ఆకలిగలవాడు ఎవడు?"

"ఇలా కట్టమని నీకెవరు చెప్పారు? ఏలీయా ప్రవక్త కలలోకి వచ్చాడా?"

"నిద్రపడితేగా పెద్దయ్యా కల రావడానికి? పద్దెనిమిది రోజులైంది నేను కన్ను మూసి. ఇంకో మాట. మీరూ సంచి పట్టుకునే రావాలి. మీరు వేశారో తీశారో మాకు తెలియకూడదు."

వెనక వరసలో ఒకడు, "పెద్దయ్య తీస్తే జాడీ కూడా మిగలదు!" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. ఎల్యాకీము నవ్వలేదు. చీకటి పడేదాకా చుట్ట విప్పినది విప్పినట్టే ఉండిపోయింది. చివరికి ఆయన లేచి, "కడదాం," అన్నాడు. ఓబద్యా కుట్టడం ఆపిన తెరచాపను మిల్కమ్మే కోసి తొలి సంచులు కుట్టింది. మొదటి శుక్రవారం అందరికంటే ముందు సంచితో నిలబడినవాడు ఎల్యాకీము. ఆయన వేశాడా తీశాడా అన్నది ఈనాటికీ ఎవరికీ తెలియదు.

వానలు పడేదాకా జాడీ అడుగంటలేదని అంటారు. దీనికి ఆధారం లేదు. మిల్కమ్మ పేరు కూడా ఏ రాతలోనూ లేదు, అది ఆడవాళ్ళ నోట నిలిచిన పేరు. ఆ మాట దాచనక్కరలేదు. దాచనక్కరలేనిది ఇంకొకటి కూడా ఉంది.

గత ఏడాది మాఘంలో మందిర నిర్వాహక సంఘం ఈ గదిలో కెమెరా పెట్టింది. బియ్యం తీసుకునేవాళ్ళు కార్డు చూపించాలంది. తూర్పు గోడ పగలగొట్టి అద్దాల కిటికీ పెట్టడానికి మేస్త్రీని కూడా మాట్లాడింది. స్థాపకుడి తీరని కోరిక అదేనంటూ బోర్డును చూపించింది. నోటు పుస్తకాలు అందుకుంటున్న పదో తరగతి పిల్ల ఫోటోను, కింద పేరుతో సహా, ఆ బోర్డుకే అంటించింది. ఆ పిల్ల మర్నాటి నుంచి సాయంకాలపు బడికి రాలేదు. పరీక్షలకు అప్పటికి ఏడు వారాలుంది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, బోర్డు మీద ఒకసారి రాసింది చాలు.

ఆరు శుక్రవారాలు గడిచేసరికి జాడీ పొంగిపొర్లింది. మందుల చీటీలు రావడం ఆగిపోయింది. సంఘం అధ్యక్షులు మత్తన్యా గారు దాన్ని చూసి, జనం బాగుపడ్డారు అని సంతోషించారు. ఒక వీధి వీధంతా ఆరు వారాల్లో బాగుపడిందని నమ్మడానికి ఎంత చదువు కావాలో! నూట ఎనభై ఏళ్ళ కిందట గంజి కుండ నిండుగా మిగిలిపోతే ఎల్యాకీము కూడా అలాగే అనుకుని ఉంటాడు.

సాయంకాలపు బడి టీచరు కెతూరా ఆ పిల్ల ఇంటికి మూడుసార్లు వెళ్ళింది. మూడోసారి తల్లి గుమ్మంలోనే నిలబడి, "దాని మొహం ఊరంతా చూసింది టీచరుగారూ. చదువు వద్దులెండి. షామియానాలు కుట్టుకుంటుంది," అంది.

ఆ వారం మందిరంలో చుట్ట విప్పగానే కెతూరా లేచి, "ఆపండి," అంది. మిల్కమ్మ తర్వాత ఆ మాట ఎవరైనా అన్నట్టు వీధిలో ఎవరికీ గుర్తు లేదు.

మత్తన్యా గారు కళ్ళజోడు తీశారు. "టీచరమ్మా, దాతలు అడుగుతున్నారు. ఎవరికి ఇచ్చామో తెలియకపోతే ఎలా అంటున్నారు."

"తెలియకూడదనే కదండీ గోడ."

"గోడ కట్టినాయనే కిటికీ కావాలన్నాడు. బోర్డు చదవలేదా?"

"చదివాను. మీరు గుమ్మం చదివారా? దాని మీది ఆకుపచ్చ రంగు గీకించి మా పిల్లలచేత దిద్దించాను. గుమ్మం మీద కట్టిన సంవత్సరం చెక్కి ఉంది."

"ఉంటుంది. సేఠ్ గారి కాలంది."

"సేఠ్ గారి కాలం ఎప్పుడండీ?"

ఆయన పక్కనున్నవాళ్ళను అడిగారు. సమాధి రాయి మీద ఉంటుందని ఒకరు అన్నారు. కూర్చోమని ఎవరో అన్నారు, కెతూరా కూర్చోలేదు. ఒక ముసలావిడ, "నిలబడనీ నాయనా, మనకు కాళ్ళు నొప్పి గానీ దానికేం?" అంది. రెండు గంటలు గడిచాక మత్తన్యా గారు మేస్త్రీని ఆపుతాననీ, శనివారం దాటగానే కెమెరా, ఫోటో తీయిస్తాననీ, సేఠ్ సమాధి తానే చూసి వస్తాననీ మాటిచ్చారు. అప్పుడే చదవడం సాగింది.

మాట నిలబెట్టుకున్నారు, అది చెప్పుకోవాలి. ఆదివారం ఉదయం శ్మశానంలో తుమ్మకంప కొట్టించి, సమాధి రాయిని బ్రష్షుతో తానే కడిగి, దాని మీది అక్షరాలు అందరి ముందూ గట్టిగా చదివారు. బోర్డు మార్చడానికి మాత్రం సంఘానికి ఇంకా తీరిక దొరకలేదు. దాత నొచ్చుకుంటాడట. అందుకే ఈ పుస్తకం అచ్చువేయవలసి వచ్చింది.

ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం వచ్చే యాత్రికులకు మందిరం అరుగు మీద ఒక సంచి ఇస్తారు. తోచింది వేయవచ్చు, కావలసింది తీసుకోవచ్చు. వట్టి సంచితో వచ్చి, లోపల కాసేపు నిలబడి, అలాగే వెళ్ళినా ఎవరూ అడగరు. ఈ గదిలో తల వంచుకుని నడిచినవారి ఇంట పొయ్యి చల్లారదనీ, బిడ్డల చదువు మధ్యలో ఆగదనీ తెరచాపల వీధి ఆడవాళ్ళ నమ్మకం. ఆ పదో తరగతి పిల్ల తిరిగి వచ్చిందా, పరీక్ష రాసిందా అని కొందరు యాత్రికులు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ఇక్కడ ఎవరూ జవాబు చెప్పరు. జాడీ మాత్రం ఇప్పుడు నిండుగా ఉండటం లేదు.

కిటికీ గొడవ తేల్చిన ఆధారాలు రెండూ ఎవరైనా చూడవచ్చు. యూదుల సంవత్సరంలో 3760 తీసేస్తే మన వాడుక సంవత్సరం వస్తుంది. గది గుమ్మం మీద చెక్కిన సంవత్సరం 5593, అంటే 1833, డొక్కల కరువు కాలం. హెస్కేల్ సేఠ్ సమాధి రాయి మీద ఉన్న మాట ఇది: బస్రాలో జననం, 5599. అంటే 1839.